క్యోటోకి వెళ్ళొచ్చిన కత్తిపీట

ఆ ఫోన్ కొంచెం దగ్గరగా పెట్టవే తారా. ఎర్ర చుక్క వెలుగుతోందా? సరే, రాసుకోమను దాన్ని. ఇందాక నేను "కత్తిపీట" అంటే అది "గట్టి పేట" అని రాసింది. ఇప్పుడింకేం రాస్తుందో! తప్పులు నువ్వు దిద్దుకో, నేను మాత్రం ఆగను. మొదలుపెడితే ఆగనని మీ తాతయ్య ఎప్పుడూ అనేవారు, అది ఆయన తిట్టారో మెచ్చుకున్నారో నాకిప్పటికీ తెలీదు.

ఇందాక జరిగింది ముందు చెప్పాలి. సెంబవాంగ్‌లో మీ కొత్త ఫ్లాట్లోకి సామాను చేరి వారమైంది. బాంబ్ షెల్టర్ అని ఇనప తలుపుతో ఒక గది ఇస్తారు కదా, యుద్ధం వస్తే దాక్కోమని. యుద్ధం ఎప్పుడొస్తుందో గానీ ఈ సింగపూర్లో అందరూ అందులో సూట్‌కేసులూ పాత ఫ్యాన్లూ దాచుకుంటారు. నువ్వు అందులోకి దూరి నా సంచీలు లాగుతూ లాగుతూ ఒక్కసారి "అత్తా! అత్తా!" అని అరిచావు. నేను హాల్లో బెండకాయలు తుడుస్తూ "ఆఁ" అన్నాను. వచ్చి చూస్తే నీ చేతిలో పాత తువ్వాల్లో చుట్టిన కత్తిపీట. "అమ్మమ్మా, దిస్ ఈజ్ వెపన్ ఆ?" అని అడిగావు.

వెపన్ కాదే పిల్లా, మీ ముత్తవ్వ, మా అత్తగారు. అంటే ఆవిడ వస్తువు. కానీ మాకు రెండూ ఒకటే. అసలు మన ఇంట్లో ఏదైనా దొరికితే "అత్తా" అని ఎందుకు అరుస్తామో నీకు తెలీదు. మీ అమ్మ అరుస్తుంది కాబట్టి నువ్వూ అరుస్తావు. మీ నాన్న కూడా నేర్చుకున్నాడు పాపం. ఒకసారి కారు తాళాలు దొరికాయని వాళ్ళమ్మగారి ఎదురుగుండా గట్టిగా "అత్తా!" అన్నాడు. ఆవిడ బుగ్గలు నొక్కుకుంది, అత్తగారిని పట్టుకుని అలా కేకేస్తావేంట్రా అని. ఆ మాట మాకు ఎక్కడ దొరికిందో చెప్తా విను. మాట దొరికింది, మనిషి దొరికింది, నాకు ఉద్యోగం దక్కింది, అన్నీ ఒక్క రోజులో.

అప్పుడు మేం ఆంగ్ మో కియోలో ఎనిమిదో అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. కంప్యూటర్ భాష ఒక్కటి వస్తే చాలు, సింగపూర్ కంపెనీలు విమానం టికెట్టు పంపి పిలిపించుకుంటున్న రోజులవి. హైదరాబాద్‌లో నేనూ ఆ చదువే చదివాను గానీ, మీ తాతయ్యకి ఆఫీసు, నాకు మీ అమ్మ. దానికి మూడేళ్ళు. అది నిద్రపోయినప్పుడు పాత పుస్తకాలు తీసి చదువుకునేదాన్ని, నూనె చేతులతో. అలాంటి టైములో మా అత్తగారు అమలాపురం నుంచి ఆర్నెల్లు ఉందామని వచ్చారు. ఆవిడ పెట్లో మూడు చీరలు, ముప్ఫై ప్యాకెట్లు, ఈ కత్తిపీట. ప్యాకెట్లంటే చల్లమిరపకాయలు, వడియాలు, ఇంకా పనసపొట్టు. కోనసీమ మనిషి పనసపొట్టు లేకుండా సముద్రం దాటదు.

ఇప్పుడు కత్తిపీట అంటే ఏంటో నీ ఫ్రెండ్స్‌కి కూడా చెప్పాలి కదా. ఒక చెక్క పీట, దాని మీద నిలువుగా వంకర తిరిగిన ఇనప కత్తి. కింద కూర్చుని, పీట మీద ఒక కాలు అదిమిపెట్టి, కూరగాయని రెండు చేతుల్తో పట్టుకుని కత్తికి ఎదురు తొయ్యాలి. కత్తి కదలదు, కాయే కదుల్తుంది. మా అత్తగారు దాని ముందు కూర్చుంటే చూడాలి. చిక్కుడుకాయల ఈనె తీసేది, టకటకా నాలుగు ముక్కలు, మధ్యలో వీధిలో ఎవరి సంబంధం ఎందుకు తప్పిపోయిందో చెప్పేది, ముక్క ముక్కకీ తేడా ఉండేది కాదు. కానీ మా సింగపూర్ వంటగదిలో కింద కూర్చునే జాగా ఎక్కడిది? సగం వాషింగ్ మెషిన్, సగం నేను. ఆవిడ గుమ్మంలో కూర్చునేది. మేం ఆవిణ్ణి దాటుకుంటూ తిరిగేవాళ్ళం. "దాటండి, దాటండి, పెరగను లెండి ఇంక," అనేది. నవ్వుతూనే అనేది.

ఇహ నా పాపం. ఒకరోజు నాకు ఇంటర్వ్యూ పిలుపొచ్చింది. అత్తగారికి చెప్పలేదు. పిల్లని వదిలి ఉద్యోగం ఏంటంటుందని భయం. ఆవిడ బిషాన్‌లో తెలిసినవాళ్ళింటికి పిల్లని తీసుకుని వెళ్ళింది. వచ్చేలోపు కూర చేసేసి, వెళ్ళి, వచ్చెయ్యాలని నా ప్లాన్. ఫ్రీజర్లో పనసపొట్టు తీస్తే ఇటుకలా గడ్డకట్టి ఉంది. కరిగేదాకా ఆగే టైము లేదు. కత్తిపీట మీద పెట్టి, పైనుంచి రోకలితో ఒక్క దెబ్బ. ఠంగ్! గడ్డ అలాగే ఉంది. కత్తికి మాత్రం వేలిగోరంత పెచ్చు ఊడింది.

గడ్డని వేడినీళ్ళలో పడేసి ఎలాగో కూర చేసి, కత్తిపీట కడిగి, తుడిచి, గోడవైపు తిప్పి పెట్టేశాను. ఇంటర్వ్యూ బ్రహ్మాండంగా అయింది, ఉద్యోగం వచ్చింది, మూడు వారాల్లో చేరమన్నారు. కత్తి సంగతి మాత్రం మర్నాడే బయటపడింది. అత్తగారు వేలితో తడిమి చూసి, "ఈ ఊరి గాల్లో ఉప్పుందే, ఇనుము తినేస్తోంది," అంది. నేను "అవునండీ అత్తయ్యగారూ, చాలా ఉప్పు," అన్నాను. తరవాత రెండ్రోజులు నా కత్తితో నిలబడి తరిగింది. మూడోరోజు, "నేను వెళ్ళిపోతానే. కత్తిపీట లేని ఇంట్లో నాకేం పని," అంది. ఆవిడ వెళ్తే పిల్ల ఎవరి దగ్గర? పిల్లకి మనిషి లేకపోతే ఉద్యోగం ఎక్కడ? అపాయింట్‌మెంట్ లెటరు నా హ్యాండ్‌బ్యాగ్‌లో మడతలు పడి ఉంది, తీసి చూపించే మొహం లేదు.

మీ తాతయ్య అప్పటికి ఆఫీసు పని మీద క్యోటోలో ఉన్నారు, రెండు నెలలు. ఫోన్లో చెప్తే ఆయనకి తమాషాగా ఉంది. "ఇక్కడ కత్తులు చేసేవాళ్ళు తాతల నాటి నుంచీ అదే పనిలో ఉన్నారట. అమ్మనీ పాపనీ తీసుకుని ఒక వారం రా. కత్తిపీట కూడా తీసుకురా," అన్నారు. మీ ముత్తవ్వకి జపాన్ చూడాలని లేదు. కత్తి బాగవుతుందంటే బయల్దేరింది. అక్కడి ఎయిర్‌పోర్ట్‌లో ఆఫీసరు పెట్టె తెరిచి దాన్ని అటూ ఇటూ తిప్పుతుంటే, ఆవిడ గబుక్కున నేల మీద గొంతుక్కూర్చుని గాల్లో వంకాయలు తరిగి చూపించింది. ఆయన నవ్వాపుకుని, వంగి దణ్ణం పెట్టి, పెట్టె మూసేశాడు.

మర్నాడు మీ తాతయ్య ఆఫీసుకి వెళ్తూ వాళ్ళ కొలీగ్ చేత కత్తుల కొట్టు పేరు ఒక కాయితం మీద రాయించి ఇచ్చారు. స్ట్రోలర్లో పైన మీ అమ్మ, కింద బుట్టలో కత్తిపీట. మాకు భాష రాదు, దారి తెలీదు, ఎండ చూస్తే సింగపూరే నయం. అయినా ఆ పాత సందులోకి అడుగుపెట్టగానే ఇద్దరం తిరనాళ్ళలో పిల్లల్లా అయిపోయాం. ప్రతి కొట్టు గుమ్మానికీ మధ్యలో చీలికతో ఒక గుడ్డ వేలాడుతోంది. "పట్టపగలు గుమ్మంలో పంచెలారేసుకున్నారేంటే వీళ్ళు," అని అత్తగారు. అది తెర అని, కొట్టు తెరిచి ఉందని గుర్తని నాకూ తరవాతే తెలిసింది. ఒక కొట్లో టీ ఆకు పెనంలో వేయిస్తున్నారు, అచ్చం మా ఇంట్లో కందిపొడికి పప్పు వేయించిన వాసన. ఇంకో కొట్లో చెక్క తొట్లలో తవుడు, తవుట్లో వంకాయలు, ముల్లంగి ఊరగాయ! అత్తగారు ముక్కు లోపల పెట్టి వాసన చూసి, "పశువుల తవుట్లో ఊరేశారే! కానీ ఊరింది, బానే ఊరింది," అని సర్టిఫికెట్ ఇచ్చింది. కొట్టాయన ఒక ముక్క పుల్లకి గుచ్చి ఇస్తే కళ్ళు మూసుకుని నమిలి, "ఇంగువ పడితే తిరుగులేదు," అని ఆయనకే చెప్పింది, తెలుగులో. ఆయన వినయంగా తల ఊపాడు. ఆ రోజంతా ఆవిడ అందరితో తెలుగే మాట్లాడింది, అందరూ తల ఊపారు.

మిఠాయి కొట్టు ముందు ఆగాం. లోపల రోట్లో అన్నం ముద్ద దంచుతున్నారు, చలిమిడిలా సాగుతోంది, అందులో ఎర్ర పప్పు పూర్ణం. కొట్టు ముందు ఒక్కటే బెంచీ. నేను సింగపూర్ మనిషినైపోయాను కదా, బెంచీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి లైన్లోకి వెళ్ళాను. నవ్వకు! హాకర్ సెంటర్లో తినడానికి వెళ్తే టేబుల్ మీద టిష్యూ పెడితే చాలు, అది మనది, ఛోప్, ఎవ్వరూ కూర్చోరు. అక్కడ మాత్రం కొట్టు పెద్దావిడ, డెబ్భై ఏళ్ళుంటాయి, ఆ ప్యాకెట్ చూసి పరిగెత్తుకుంటూ వచ్చి రెండు చేతుల్తో నాకిచ్చి వంగింది. నేను థాంక్స్ చెప్పి మళ్ళీ వెళ్ళి బెంచీ మీద పెట్టొచ్చాను. ఆవిడ మళ్ళీ తెచ్చిచ్చింది. మూడోసారి పెట్టాను. ఈసారి ఆవిడ జాలిగా నా మొహంలోకి చూసి, ఆ ప్యాకెట్‌ని ఒక చిన్న కాయితం సంచిలో పెట్టి, దారం కట్టి, ఆ దారం నా వేలికి తగిలించింది, ఇంక పారేసుకోకు తల్లీ అన్నట్టు. ఈలోపు బెంచీ మీద ఎవరో కూర్చున్నారు. అత్తగారు నవ్వలేక స్ట్రోలర్ పట్టుకుని వంగిపోయింది.

ఆ పెద్దావిడకే కత్తుల కొట్టు కాయితం చూపించాం. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, సందు మ్యాపు తీసి, వేలు పెట్టి వెతుక్కుంటూ వెతుక్కుంటూ, ఒక్కసారిగా మొహం వెలిగిపోయి, "అత్తా! అత్తా!" అంది.

"ఆఁ, ఏంటమ్మా?" అంది మా అత్తగారు.

"అత్తా!" అని ఆవిడ మ్యాపు మీద వేలితో కొట్టింది.

మా అత్తగారు నా వైపు తిరిగింది. "చూడవే, ముక్కూ మొహం తెలీని మనిషి ఎంత ప్రేమగా అత్తా అంటోందో. పెళ్ళై ఆరేళ్ళైంది, నువ్వు ఒక్కసారైనా అన్నావా? అత్తయ్యగారూ, అత్తయ్యగారూ అని, బ్యాంకు ఉత్తరం రాసినట్టు."

"మీరంటే గౌరవమండీ."

"గౌరవం మీ మావగారికి పెట్టు. ఆయన దానికోసమే పుట్టారు."

కత్తుల కొట్టు రెండు సందుల అవతలే ఉంది. చీకటి గది, ఎత్తుగా చెక్క అరుగు, దాని మీద చాప. ఒక ముసలాయన నేల మీద బాసింపట్టు వేసుకుని, నీళ్ళ తొట్టి పక్కన రాయి మీద కత్తి సాన పడుతున్నాడు. ఆయన మా కత్తిపీట తీసుకుని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. పిడి కోసం వెతుకుతున్నాడని అర్థమైంది. పిడి ఉంటే కదా! అత్తగారు చెప్పులు విప్పి అరుగెక్కేసింది. కుచ్చిళ్ళు సర్దుకుని, చాప మీద కూర్చుని, పీట మీద కాలు అదిమి, చెయ్యి చాపింది, కాయ ఇవ్వమని. ఆయన భార్య లోపల్నుంచి మోచెయ్యంత ముల్లంగి తెచ్చింది. ఆ పెచ్చూడిన కత్తి మీదే చక్రాలు చక్రాలుగా తరిగి పోసింది. ముసలాయన కళ్ళు ఇంతయ్యాయి. కత్తి నిలబడి ఉంటే కాయ వచ్చి తెగడం ఆయన జన్మలో చూడలేదు. పక్క కొట్టు వాళ్ళని కేకేశాడు. పదిమంది చేరారు, ఫొటోలు తీశారు. అత్తగారు ఇంకో ముల్లంగి అడిగింది.

అప్పుడు ఆయన కత్తి అంచు తడుముతూ పెచ్చూడిన చోట ఆగాడు. వేలు అక్కడే పెట్టి, పళ్ళ మధ్య నుంచి గాలి పీల్చి, మా ఇద్దరి వైపూ చూసి, "కోరి," అన్నాడు.

నేను గోడ మీది కత్తులు లెక్కపెట్టడం మొదలెట్టాను.

"ఏమన్నాడే?" అంది అత్తగారు.

"తెలీదండీ."

"కోరి, కోరి," అన్నాడాయన మళ్ళీ, గుద్దుతున్నట్టు పిడికిలి చూపిస్తూ.

"కోరి అంటున్నాడే! ఎవరో కోరి చెడగొట్టారంటున్నాడు!" అత్తగారు గుండెల మీద చెయ్యేసుకుంది. "మన ఇంట్లో నా కత్తిపీటని కోరి చెడగొట్టేవాళ్ళెవరే?"

నేను మీ అమ్మకి మంచినీళ్ళు పట్టాను. దానికి దాహం వెయ్యలేదు, అయినా పట్టాను. ఆయన గోడ గడియారం చూపించి, రెండు గంటలాగి రమ్మని సైగ చేశాడు. బయటికొస్తే ఎదురుగా ఒక పాత కొట్టు, గుమ్మంలో జెండా, నీలం అలలు, మీద ఎర్రగా ఒక పెద్ద అక్షరం. జనం గాజు గిన్నెల్లో పొడి చేసిన ఐసు తింటున్నారు. మీ అమ్మ జెండా చూపించి ఏడుపు లంకించుకుంది. సరే అని కూర్చున్నాం. కొట్టాయన పెద్ద ఐసు గడ్డ తెచ్చి, మరలో బిగించి, మీ అమ్మని నవ్వించడానికి దాని మీద టక్కున కొట్టి, "కోరి!" అన్నాడు. జెండా చూపించి మళ్ళీ, "కోరి!"

అత్తగారి చెంచా గాల్లోనే ఆగిపోయింది. జెండా చూసింది. గడ్డ చూసింది. ఎదురు కొట్లో ముసలాయన్ని చూసింది. తరవాత నెమ్మదిగా నన్ను చూసింది.

"ఏమే. పనసపొట్టు కరిగాక కోశావా, కరక్కముందే కోశావా?"

ఎందుకు అబద్ధమాడలేకపోయానో తెలీదు. వేలికి ఆ టిష్యూ ప్యాకెట్ సంచి ఇంకా వేలాడుతోంది, అలాంటి మనిషి ఏం అబద్ధమాడుతుంది? "కరక్కముందేనండీ," అన్నాను.

"అంత తొందరేం వచ్చింది?"

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లెటరు తీసి గిన్నె పక్కన పెట్టాను. ఆవిడకి ఇంగ్లీషు రాదు, కానీ లెటరు మొహం చూసి ఏ లెటరో చెప్పగలదు. "ఎప్పుడు చేరాలి?" అంది. "వచ్చే సోమవారం," అన్నాను. ఐసు కరిగి గులాబి నీళ్ళవుతోంది. మీ అమ్మ ఒక్కతే సుఖంగా తింటోంది.

"నాకు చెప్తే వద్దంటాననుకున్నావా?"

"అనరా?"

"అంటాను. రెండ్రోజులు అంటాను. మూడోరోజు మానేస్తాను. ఆ రెండ్రోజులు పడలేకపోయావా? దానికోసం నా కత్తి విరగ్గొట్టి, ఊరి గాలి మీద పెట్టావు! పాపం సింగపూరు!" అని, ఏం గుర్తొచ్చిందో, "చాలా ఉప్పు!" అని నా గొంతుతో అని, పకపకా నవ్వడం మొదలెట్టింది. ఐసు ముక్కులోకెక్కి దగ్గు. నేనూ నవ్వు. మీ అమ్మ ఎందుకో తెలీకుండానే నవ్వు. కొట్టాయన పరిగెత్తుకొచ్చి నీళ్ళిచ్చాడు.

దగ్గు తగ్గాక ఎదురు కొట్టు వైపు చూస్తూ అంది. "అంత గొప్ప పనివాడు, కింద కూర్చునే చేసుకుంటున్నాడు చూశావా? ఎవరైనా దాటుకుంటూ వెళ్తున్నారా? మన ఇంట్లో నాకు కూర్చునే చోటు లేదే. నిలబడి తరిగితే నా చెయ్యి నాది కానట్టుంటుంది. కత్తి పోయిందని కాదు, నేను వెళ్తానన్నది."

ఇన్నాళ్ళూ గుమ్మంలో ఆవిణ్ణి దాటుకుంటూ తిరిగాను. ఆవిడ నవ్వుతూ అంటోంది కదా అని నేనూ నవ్వేదాన్ని. ఆవిడ నా వేలికున్న దారం విప్పింది. సంచిలోంచి టిష్యూ ప్యాకెట్ తీసి బల్ల మధ్యలో టప్పున పెట్టింది.

"హాల్లో టీవీకీ సోఫాకీ మధ్య. నాది. ఏమంటారే మీ ఊళ్ళో? ఛోప్."

సాయంత్రానికి కత్తి అద్దంలా తయారైంది. పెచ్చు పోయేదాకా అరగదీసి, వంపు మళ్ళీ తీర్చాడు మహానుభావుడు. అత్తగారు దానితో పాటు ఆ ముసలాయన భార్య ఇచ్చిన పాత చాప కూడా చంకలో పెట్టుకొచ్చింది. బసకి వచ్చాక మీ తాతయ్యకి అంతా చెప్తే ఆయన కడుపు పట్టుకున్నారు. "అత్తా అంటే వాళ్ళ భాషలో 'దొరికింది' అనమ్మా. నిన్ను పిలవలేదు," అన్నారు. అత్తగారి మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. తరవాత, "అయితే మంచి మాటే," అంది.

సోమవారం వచ్చింది. హాల్లో చాప పడింది, చాప మీద కత్తిపీట, దాని ముందు ఆవిడ, టీవీలో అర్థం కాని చైనా సీరియల్. నేను కొత్త చెప్పులేసుకుని, మీ అమ్మ ఏడుపు వినకుండా లిఫ్టులోకి పరిగెత్తి, బస్ స్టాపు దగ్గర నిలబడ్డాను. మొదటి రోజు, పాస్‌పోర్టు తప్పకుండా తెమ్మన్నారు. బ్యాగ్ వెతికితే లేదు. బ్యాగ్ మళ్ళీ బోర్లించాను. బస్సు మలుపు తిరుగుతోంది. అప్పుడు ఎనిమిదో అంతస్తు వరండాలోంచి, బ్లాకు బ్లాకంతా దద్దరిల్లేలా ఒక కేక.

"అత్తా! అత్తా!"

తలెత్తి చూశాను. చంకలో మీ అమ్మ, చేతిలో ఊగుతూ నా పాస్‌పోర్టు. బట్టలారేసుకుంటున్న చైనా అంకుల్ బొంగు పట్టుకుని అలాగే చూస్తున్నాడు. కోడల్ని పట్టుకుని అత్తా అని అరిచే అత్తగారు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉంటుందా? నాకు బస్సు గుర్తులేదు, ఆఫీసు గుర్తులేదు. రెండు చేతులూ ఊపుతూ అరిచాను.

"వస్తున్నానత్తా!"

సాయంత్రం ఇంటికొచ్చేసరికి చాప మీద కూర్చుని బీన్స్ తరుగుతోంది. తలెత్తకుండానే, "పొద్దున్న కిందనుంచి ఏదో అన్నావు," అంది.

"ఏం అన్లేదండీ అత్తయ్యగారూ."

"మళ్ళీ బ్యాంకు ఉత్తరం," అంది. ముక్క ముక్కకీ తేడా లేకుండా తరుగుతూనే ఉంది. ఆర్నెల్లని వచ్చిన మనిషి, వీసా అయిపోయినప్పుడల్లా వెళ్ళి వస్తూ, మీ అమ్మ బడికెళ్ళేదాకా ఆ చాప వదల్లేదు.

ఆవిడ పోయి నాలుగేళ్ళు. ఇప్పుడు మీ ఇంట్లో కూరగాయలు తరిగి, కడిగి, డబ్బాల్లో పెట్టి కొట్టువాళ్ళే గుమ్మం ముందు పడేసి పోతున్నారు. మీ అమ్మకి ఆ టైముతో బోలెడు పనులు, నేను కాదనను. నాకు మోకాళ్ళు వంగవు, ఎప్పుడైనా తరగాల్సొస్తే నేనూ నిలబడే తరుగుతున్నాను. అయినా ఇందాక నువ్వు షెల్టర్లోంచి "అత్తా!" అని అరిచినప్పుడు నేను "ఆఁ" అన్నాను చూడు, అది నా తరఫున అన్నది కాదే. ఆవిడ తరఫున అన్నాను. ఎవరో ఒకరు పలకాలి కదా.

ఏంటి, ఎక్కడికి లేస్తున్నావు? ఫోన్ ఇంకా రాస్తోందా? టీవీ ముందు ఏం పెట్టావే అక్కడ... టిష్యూ ప్యాకెట్టా?

"అమ్మమ్మా, ఐ ఛోప్ ఫర్ యూ లా. స్టూల్ మీద కూర్చుంటే కెన్ ఆ, కెనాట్?"

కెన్. కత్తిపీట ఇలా పట్రా. కాయ నేను తోస్తా, పీట మీద కాలు నువ్వు అదిమిపెట్టు. ముందా బెండకాయలు అందుకో.